ఎడమ మర

బ్యాంకు ఉద్యోగులకు హాబీలు ఉండవని చాలామంది నమ్మకం. ఉన్నా పాత నాణేలో, స్టాంపులో అయి ఉంటాయనుకుంటారు. నన్నెవరైనా అడిగితే కొంచెం తటపటాయించి, వందేళ్ళనాటి విమానానికి మరలూ కొక్కేలూ చేస్తుంటానని చెబుతాను. అసలు విమానానికి కాదు లెండి, దాని నమూనాకు. "పాపం, మేనేజరు గారికి ఏమైందో" అన్న భావం వినేవారి ముఖంలో కనిపించగానే మాట మార్చి ఫిక్సెడ్ డిపాజిట్ల వడ్డీ గురించి మొదలుపెడతాను. మన పత్రిక చదివేవారు ఆత్మీయులు కనుక ఈసారి మాట మార్చదలచుకోలేదు.

బి.కాం. చదివే రోజుల్లో ఎన్‌.సి.సి. వైమానిక విభాగంలో చేరడంతో ఈ పిచ్చి పట్టుకుంది. అక్కడ బాల్సా కర్రతో చిన్న విమానాలు చేయడం నేర్పేవారు. తరువాత ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు. ముప్పై ఏళ్ళపాటు ఆ పెట్టె ఊరూరా అటక మీదనే ప్రయాణం చేసింది. జివతికి వచ్చాక కిందికి దిగింది.

జివతి ఎక్కడుందో తెలియనివారికి: చంద్రపూర్ జిల్లాలో, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలు దాటి ఘాట్ ఎక్కితే వస్తుంది. అవతలి పక్క దిగితే తెలంగాణ. బ్యాంకు కౌంటరు దగ్గర ఒక గంట నిలబడితే మరాఠీ, తెలుగు, గోండీ, లంబాడీ నాలుగూ వినిపిస్తాయి. రెండు రాష్ట్రాలూ "మావే" అని పట్టుబట్టిన పద్నాలుగు ఊళ్ళు ఈ తాలూకాలోనివే. సాయంత్రం ఆరు తరువాత చేయడానికి పనేమీ లేని ఊరు. అందుకే పెట్టె దిగింది.

ఏ విమానం చేయాలన్న ప్రశ్నకు మాత్రం ఎక్కువ వెతకలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఒక బ్రిటిష్ స్క్వాడ్రనుకు విమానాలు కొనిచ్చారు. దానికి 110వ స్క్వాడ్రన్, హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. విమానాలు డి.హెచ్.9ఎ రకం: రెండంతస్తుల రెక్కలు, ఇద్దరు మనుషులు, ముందు 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజను. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు నుంచి యుద్ధంలోకి దిగాయి. ఒక్కొక్క దాని మీద నిజాం బహూకరించినట్టు రాసి, హైదరాబాద్ అన్న పేరూ వరుస నంబరూ వేశారు. వాటిలో ఒకటి 1918 అక్టోబరు 5న దాడికి వెళ్ళి జర్మన్లకు చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం గందరగోళంలో అది పోలండు చేరింది. 1977లో ఇంగ్లండు వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ విమానం బదులిచ్చి దాన్ని తెచ్చుకున్నారు. ఇప్పుడు లండన్‌లో హెండన్ దగ్గర రాయల్ ఎయిర్‌ఫోర్సు మ్యూజియంలో ఉంది. దాని పేరు హైదరాబాద్ నంబరు 12ఎ. మా అమ్మాయి కాపురం లండన్‌లోనే. ప్రవేశ రుసుము లేని మ్యూజియం కనుక "నాన్నా, నాలుగుసార్లు వెళ్ళొచ్చాను, ఇక కావలివాళ్ళు నన్ను అనుమానంగా చూస్తున్నారు" అంటూనే కొన్ని వందల ఫోటోలు తీసి పంపింది. అందరూ విమానాన్ని ఫోటో తీస్తుంటే, ఈ పిల్ల రెక్కల మధ్య తీగలు ఎక్కడ ముగుస్తాయో అక్కడ ఫోటోలు తీసింది.

నాకు కావలసింది అదే మరి. రెండంతస్తుల విమానం రెక్క చూడడానికి ఘనంగా ఉంటుంది గానీ, కర్రా గుడ్డా తప్ప అందులో ఏమీ లేదు. దాన్ని నిలిపేవి తీగలు. గాలిలో రెక్కలు పైకి ముడుచుకుపోకుండా కొన్ని తీగలు పట్టుకుంటాయి, వీటిని ఫ్లయింగ్ వైర్లంటారు. నేల మీద కిందికి వాలిపోకుండా పట్టుకునేవి ల్యాండింగ్ వైర్లు. ప్రతి తీగకూ రెండు కొసల్లో మర ఉంటుంది. ఒక కొసన మామూలు కుడి మర, రెండో కొసన ఎడమ మర. అప్పుడు తీగను ఒకే పక్కకు తిప్పితే రెండు కొసలూ ఒకేసారి బిగుస్తాయి. చుక్కానికి, తోకకు వెళ్ళే తీగలకైతే మధ్యలో టర్న్‌బకిల్ అనే చిన్న ఇత్తడి గొట్టం ఉంటుంది. సూత్రం అదే. మన పాత రైలు పెట్టెల మధ్య స్క్రూ కప్లింగు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. నడిమి పిడి తిప్పితే రెండు పెట్టెలూ దగ్గరికి వస్తాయి కదా.

చాలామంది నమూనాకారులు ఈ తీగల స్థానంలో సాగే దారం కట్టి, రెక్కలను లోపల గొట్టాలతో నిలబెడతారు. తప్పేమీ లేదు, దూరం నుంచి చక్కగానే ఉంటుంది. నాకు మాత్రం అది మార్చి 31న బ్యాలెన్సు షీటుకు చేసే ముస్తాబులాగా అనిపిస్తుంది. నా విమానం తీగలు విప్పితే రెక్కలు వాలిపోవాలి. బిగిస్తే నిలవాలి. పట్టుదల అక్కడే.

ఆరో వంతు కొలత ఎంచుకున్నాను. అసలు రెక్కల పొడవు 45 అడుగుల 11 అంగుళాలు, నాది 7 అడుగుల 8 అంగుళాలు. మా క్వార్టర్సు హాల్లో సోఫా ఉండాలా, విమానం ఉండాలా అన్న చర్చ మా శ్రీమతితో ఇంకా ముగియలేదు. లెక్కల్లో ఒక మంచి సంగతి ఉంది. కొలత ఆరో వంతు అయితే తీగ అడ్డుకోత ముప్పై ఆరో వంతు అవుతుంది, కనుక బలమూ అంతే తగ్గుతుంది. బరువు మాత్రం 216వ వంతుకు పడిపోతుంది. పూర్తి సరంజామాతో 2,100 కిలోలు తూగే విమానం నా లెక్కలో పది కిలోల లోపే. బరువు తగ్గినంతగా బలం తగ్గదు. చిన్న వస్తువులు చేసేవాడికి ప్రకృతి ఇచ్చిన సబ్సిడీ ఇది.

ఆనాటి బ్రిటిష్ విమానాల చిన్న మరలు బి.ఎ. అనే కొలతలో ఉండేవి. కామర్సు వాళ్ళు తప్పక ముచ్చటపడే కొలత. సున్నా నంబరు మరకు ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు. ప్రతి నంబరుకూ అంతకు ముందు దానిలో పదోవంతు తగ్గుతుంది. ఒకటో నంబరు 0.9, రెండోది 0.81, ఎనిమిదోది 0.43, పదోది 0.35. మనం యంత్రాలకు వేసే తరుగుదల, రిటన్ డౌన్ వాల్యూ పద్ధతిలో పది శాతం చొప్పున! 1884లో ఈ కొలత ఖాయం చేసినవారికి అకౌంటెన్సీ తెలుసో లేదో గానీ, నాకు మాత్రం అది చూడగానే సొంత ఊరివాడు కనిపించినట్టయింది.

రెక్కల తీగలకు స్టెయిన్‌లెస్ వెల్డింగ్ కడ్డీ వాడాను. 1.6 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవు. అసలు విమానంలో ఈ తీగలు గుండ్రంగా ఉండవు, గాలిని సుళువుగా కోయడానికి కంటి ఆకారంలో చదునుగా ఉంటాయి. కొసలు మాత్రం మర కోసం గుండ్రం. నా లెక్కకు 36 తీగలు, 72 కొసలు, 72 ఫోర్కులు. వాటిలో సగానికి ఎడమ మర. ఆ ఎడమ మర కోసే డై చంద్రపూర్‌లో అడిగితే దుకాణదారు "ఉల్టా ఆటా హై క్యా?" అని నన్నే అడిగాడు. చివరికి అమ్మాయి లండన్ నుంచి పంపింది. పెద్ద తీగల సమస్య తీరింది. టర్న్‌బకిళ్ళ సమస్య మిగిలింది. అవి పదహారు మిల్లీమీటర్ల పొడవు, అంటే కొత్తిమీర గింజలు నాలుగు వరుసగా పేర్చినంత. అంత సన్నని ఎడమ మరకు నాకు పనిముట్టు దొరకలేదు.

ఇక్కడ మా కంసాలి పెద్దాయన గురించి చెప్పాలి. మా శాఖలో బంగారం తాకట్టు రుణాలకు నగలు పరీక్షించేది ఆయనే. డెబ్బై దాటాయి. పూర్వీకులు ఆసిఫాబాద్ వైపు. గీటురాయి మీద ఒక గీత గీసి, దాన్ని కళ్ళు చికిలించి చూసి, క్యారెట్లు చెబుతాడు. నగలు చేయించుకునేవారు ఇప్పుడు ఫోనులో డిజైను చూసుకుని చంద్రపూర్ షోరూములకు పోతున్నారు. కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. పెద్దాయన కుంపటి ముందు కూర్చుని ఏళ్ళయింది. దాగలి, పటకార్లు, తీగలు లాగే కమ్మచ్చు అన్నీ కలిపి తూకానికి ఇమ్మని పాతసామాను వర్తకుడు బేరం పెట్టాడట. ఆ సంగతి ఒక రోజు లంచి వేళ, ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు.

నేను డబ్బీలోంచి ఫోటో తీసి చూపించాను. టర్న్‌బకిల్ పనిచేసే తీరు వివరించి, "పెద్దయ్యా, ఇంత చిన్నదానికి ఎడమ మర కావాలి" అన్నాను. ఫోటోను దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇటు కొస ఇటు గుంజుతది, అటు కొస అటు గుంజుతది, నడుమ ఇది పట్టుకొని ఉంటది. మన పద్నాలుగు ఊళ్ళ లెక్కనే గద సారూ" అని నవ్వాడు. ఆ తరువాత, "దిద్దులకు మర పెడ్తం గద, గట్లనే. దీనికి ట్యాపులు గీపులు ఎందుకు?" అన్నాడు.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఏం చేశాడో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. ఒక మిల్లీమీటరు మందం ఇత్తడి కడ్డీ తీసుకున్నాడు. కమ్మచ్చు చిల్లుల్లోంచి ఒకదాని తరువాత ఒకటిగా లాగి పావు మిల్లీమీటరు తీగ తీశాడు. రెండు తీగలను జంటగా, సందు లేకుండా కడ్డీ చుట్టూ చుట్టాడు. చుట్టేముందు ఒక తీగకు ఎర్రమన్ను పూశాడు, దానికి టంకం అంటకూడదని. వెలిగారం నీళ్ళు అద్ది, వెండి టంకం పొడి చల్లి, ఊదుగొట్టంతో మంటను సూదిలా చేసి ఒక్క క్షణం చూపించాడు. చల్లారాక ఎర్రమన్ను తీగను మెల్లగా విప్పాడు. కడ్డీ మీద అంటుకున్న తీగ మర అయింది. విప్పిన చుట్టను పారేయలేదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న గొట్టంలో దాన్ని కూర్చి అతికాడు. అది నట్టు! ఒకే జంటలో పుట్టిన తీగలు కనుక ఒకదానిలో ఒకటి అతికినట్టు సరిపోతాయి. కాస్త నూనె, మెత్తని ఇసుక పొడి వేసి అటూ ఇటూ పదిసార్లు తిప్పితే జారుడు వచ్చింది.

"మరి ఎడమ మర?" అన్నాను.

"ఎడమకు చుడితే ఎడమ" అన్నాడు. ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

రోమనుల కాలపు బంగారు నగల్లో ఇలా తీగ చుట్టి అతికిన మరలు ఉన్నాయని తరువాత చదివాను. నేను లండన్ నుంచి డై తెప్పించుకుంటుంటే, సమాధానం మా శాఖలో వారానికి రెండు రోజులు నా ఎదురుగానే స్టూలు మీద కూర్చుంటోంది.

ఆయన మర ఒక చుట్టుకు అర మిల్లీమీటరు. రెండు కొసలూ కలిపి గొట్టాన్ని ఒక చుట్టు తిప్పితే తీగ ఒక మిల్లీమీటరు బిగుస్తుంది. అది సరే, బలం సంగతేమిటి? ఒక కొస దూలానికి, రెండో కొస బకెట్టుకు తగిలించి చెంబుతో నీళ్ళు పోస్తూ పోయాం. ఇరవై కిలోలకు కూడా ఊడలేదు. ఆ తరువాత చేసిన ప్రతి ముక్కకూ ఈ బకెట్టు పరీక్ష తప్పనిసరి అని నేను నియమం పెట్టాను. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆయనకు అది నచ్చలేదు. "చేసినోని మీద నమ్మకం ఉండాలె" అన్నాడు. "నగలు తెచ్చినవాళ్ళను నమ్మి మీరు గీటురాయి మానేస్తారా?" అన్నాను. అప్పటి నుంచి బకెట్టు ఆయనే నింపుతున్నాడు.

కూలి విషయం కూడా రాయాలి. మొదట డబ్బు వద్దన్నాడు, పెద్ద సారు గదా అని. ఆ దారిలో వెళితే ఇద్దరికీ మర్యాద ఉండదని నా అభిప్రాయం. ముక్కకు ఇంత అని కూలి ఖాయం చేసుకుని, నా సొంత డబ్బు ఆయన చేతిలో పెడుతున్నాను.

పోయిన వేసవిలో రెక్కలు బిగించాం. వెనకటి రోజుల్లో విమానాన్ని తలకిందులు చేసి రెక్కల మీద ఇసుక మూటలు పేర్చి పరీక్షించేవారు. తలకిందులుగా ఉన్నప్పుడు కిందికి పడే బరువు, గాలిలో రెక్కను పైకి ఎత్తే శక్తికి సమానమన్నమాట. నా విమానం తొమ్మిది కిలోలు తూగుతుందని అంచనా, అందులో రెక్కలు మూడు. మిగిలిన ఆరుకు నాలుగు రెట్లు ఇరవై నాలుగు కిలోలు. ఇసుక కొలిచి కట్టే ఓపిక లేక కిరాణా కొట్టులో కిలో ఉప్పు పొట్లాలు ఇరవై నాలుగు అడిగాను. "మేనేజర్ సాబ్, ఆంధ్రా మొత్తం ఆవకాయ మీ ఇంట్లోనేనా?" అన్నాడు కొట్టతను. అన్నీ తిరిగి ఇచ్చేస్తానని ముందే మాట తీసుకున్నాను. ఇచ్చినవి ఇరవై మూడే. ఒకటి మా శ్రీమతి నిజంగానే ఆవకాయలో వాడేసింది.

రెండు బల్లల మధ్య విమానాన్ని తిరగేసి ఒక్కొక్క పొట్లం ఇటూ అటూ సమానంగా పేర్చుకుంటూ వచ్చాం. పన్నెండు దాటాక ల్యాండింగ్ వైర్లు వదులై వేలాడడం మొదలుపెట్టాయి, అలాగే అవ్వాలి. ఫ్లయింగ్ వైర్లు బిగిసి సన్నగా పలుకుతున్నాయి. పెద్దాయన గోటితో ఒక్కొక్క తీగనూ మీటుతూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఒకచోట ఆగాడు. "ఇది పాడుతున్నది. దీని జోడు పాడ్తలేదు." ఫ్లయింగ్ వైర్లు జంటలుగా ఉంటాయి. ఒకటి మొత్తం బరువు మోస్తూ రెండోది ఊరికే ఉంటే ప్రమాదం. పొట్లాలు దించి, ఆ రెండో తీగను అర చుట్టు బిగించి, మళ్ళీ పేర్చాం. ఈసారి రెండూ ఒకే శ్రుతిలో పలికాయి. ఇరవై నాలుగో పొట్లం పెట్టినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక్క ఫోర్కు జరగలేదు, ఒక్క టంకం చిట్లలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన మా అమ్మాయి పంపిన ఫోటోల్లో విమానం పక్కనున్న అక్షరాలు చూపించి ఏం రాశారని అడిగాడు. చెప్పాను. ఈ ప్రాంతం 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేదన్న సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆ బహుమతి గురించి నాకు గర్వం ఉందని చెప్పలేను. ఎవరి యుద్ధమో, ఎవరి ఆకాశమో. ఇటు కొండల్లో గోండుల మీద అడవి సుంకాలు, 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం ప్రాణాలు పోయింది ఆ ప్రభుత్వంతో పోరాడుతూనే. ఇదంతా ఆయనతో అన్నాను కూడా. ఆయన కాసేపు ఊరుకుని, "మా తాత శిస్తు కట్టిండు గద సారూ. గందుల ఒక మరకన్న మా పైసలు పడే ఉంటయి" అన్నాడు. ఆ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం గుర్తుగా పులి ఉంటుందని చెబితే, "పులి మనదే" అని తేల్చేశాడు. తాడోబా జిల్లావాళ్ళతో ఈ విషయంలో వాదించి లాభం లేదు.

నమూనా పక్కన మ్యూజియంలో ఉన్నట్టే అక్షరాలు రాయిస్తున్నాను. మార్చడానికి నాకు హక్కు లేదు. రెక్కల పని అయిపోయింది. తోకకూ చుక్కానికీ ఇంకా పద్దెనిమిది టర్న్‌బకిళ్ళు కావాలి. పాతసామాను వర్తకుడు మళ్ళీ వచ్చాడట. పని చేతిలో ఉంది, ఇప్పుడు కుదరదని పంపేశాడట. చేయి తిరిగిందేమో, ఇప్పుడు రోజుకు ఒకటి అవలీలగా చేయగలడు. అయినా నెలకు నాలుగే ఇస్తానంటున్నాడు. నేనూ తొందరపెట్టడం లేదు.